నల్లమలలో పులికంప: నరికితే పోతుందా? డీఎన్‌ఏ ఏం చెబుతోంది?

నంద్యాల జిల్లా ఆత్మకూరు దాటితే నల్లమల మొదలవుతుంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యానికి ఇదో ముఖద్వారం. పులి బతకాలంటే జింక ఉండాలి. జింక బతకాలంటే గడ్డి ఉండాలి. ఇలాంటి అడవుల్లో ఆ గడ్డికే ఎసరు పెడుతున్నాయి బయటి నుంచి వచ్చిన మొక్కలు. వాటిలో ముందున్నది పులికంప, అదే లాంటానా.

ఎంత విస్తరించింది?

2020లో వచ్చిన ఓ అధ్యయనం ప్రకారం దేశంలో పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా, అంటే సుమారు 1.54 లక్షల చదరపు కిలోమీటర్లలో లాంటానా ఉంది. పైపైన నరికితే మొదలు నుంచి మళ్లీ చిగురేస్తుంది. పండ్లు తిన్న పిట్టలు గింజల్ని దూరాలకు మోసుకెళ్తాయి.

జన్యువులతో పనేంటి?

19వ శతాబ్దం మొదట్లో అలంకరణ మొక్కగా వచ్చిన లాంటానా ఒక్కసారి కాదు, పలుమార్లు దేశంలోకి వచ్చిందని 2014లో అవిక్ రే, సుహేల్ ఖాదర్ జన్యు అధ్యయనం తేల్చింది. వేర్వేరు చోట్ల మొక్కల మధ్య జన్యువులు కలిసిపోతున్నాయని కూడా చెప్పింది. అంటే పైకి ఒకేలా కనిపించినా లోపల రకాలు వేరు. విదేశీ పురుగుల్ని వదిలినా లాంటానా లొంగకపోవడానికి ఇదీ ఒక కారణం. ఇంకో విషయం.. ఒక్క బీట్‌లో తీసేసి పక్క బీట్‌ను వదిలేస్తే గింజలు మళ్లీ వచ్చి పడతాయి.

కడప నేర్పిన పాఠం

సర్కారు తుమ్మ కథా ఇలాంటిదే. వంటచెరకు కోసమని 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురంలో విత్తనాలు నాటారు. కాయలు తిన్న పశువుల పేడ ద్వారా సీమంతా పాకింది. ఇప్పుడు బొగ్గు బట్టీల మీద బతికేవాళ్లకు అదే ఆధారం. కాబట్టి తీసేసే ముందు వాళ్ల కూలి సంగతీ చూడాలి.

మరి దారేది?

మొక్కను నేల కింద, చిగురు వచ్చే భాగానికి దిగువన కోసి తలకిందులుగా పెట్టే పద్ధతి ఉంది. కాయలు పండకముందే ఆ పని చేయాలి. తర్వాత పిట్టలు వాలే చెట్ల కింద మొలకలు పీకుతూ, స్థానిక గడ్డి జాతుల్ని పెంచాలి. అడవి తెలిసిన చెంచులకు ఇందులో ఏటా పని దొరుకుతుంది.

ఎన్ని హెక్టార్లు నరికారన్నది లెక్క కాదు. మూడు నాలుగేళ్ల తర్వాత అక్కడ గడ్డి ఉందా, జింకలు మేస్తున్నాయా అన్నదే అసలు లెక్క.