కుబుసముతో చాలునా?

పాము కుబుసము విడచిన చోట మన పల్లెవాసులు ఒక క్షణమాగి, "ఇచటనే తిరుగుచున్నది, జాగ్రత్త" యని హెచ్చరించి సాగిపోవుదురు. ఉర్దూ విభాగపు మిత్రులు కేంచులీ యని పిలుచు ఆ పొరలో ఇంతకు మించిన సమాచారము కలదు. ఆ పాము డి.ఎన్.ఎ. కొంత దానిలో మిగిలియుండును. శాస్త్రజ్ఞులు పామును తాకకయే దాని వంశవృత్తాంతమును అందుండి గ్రహింపగలుగుచున్నారు. తెలుగు బోధించువారికి ఇందుతో పనియేమని కొందరు నవ్వవచ్చును. ప్రబంధములలోని వంశవర్ణనలు చదివించు మాకు ఇదియు ఒక వంశవర్ణనగనే తోచుచున్నది.

దీని ప్రయోజనము చిన్నది కాదు. చిరకాలము ఒకే జాతిగా భావింపబడిన రాచనాగు నిజమునకు నాలుగు జాతులని 2024లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అందొకటి పశ్చిమ కనుమలకు చెందినది. పట్టిన పామును ఎచట విడువవలెనన్న ప్రశ్న కూడ ఇట్టి జ్ఞానముపైననే ఆధారపడియున్నది.

అయితే ఈ జ్ఞానమునకై ప్రాణిని ఎంత బాధింపవచ్చును? తోక నరము నుండి రక్తము తీయుట, బల్లుల తోక కొన గాని వ్రేలు గాని కత్తిరించుట చిరకాలముగా సాగుచున్న పద్ధతులు. పెక్కు బల్లులు కరవు దినములకై క్రొవ్వును తోకలోనే దాచుకొనును. ఎగబ్రాకు ప్రాణికి వ్రేలే జీవనాధారము. 1983లో కేరీ మల్లిస్ కనుగొన్న పి.సి.ఆర్. పద్ధతిచే లేశమాత్రమగు డి.ఎన్.ఎ.ను కోట్లాది ప్రతులుగా పెంచవచ్చును. కనుక నోటిలోనో విసర్జన ద్వారమునందో దూదిపుల్లతో తుడిచినను పెక్కు పరిశోధనలకు సరిపోవును. విషసర్పము తలను పారదర్శకమగు గొట్టములో నిలిపి తోక వైపున తుడిచినచో ఉభయులకును క్షేమము. పిల్లలు వెడలిపోయిన తాబేటి గ్రుడ్ల పెంకుల నుండియు డి.ఎన్.ఎ. లభించును. అమెరికాలోని ఫ్లోరిడా చిత్తడి నేలలలో బర్మా కొండచిలువల ఉనికిని కేవలము నీటి నమూనాలతో గుర్తించినట్లు 2014లో ప్రకటితమైనది.

లోపములు లేకపోలేదు. ఎండవానలకు కుబుసములోని డి.ఎన్.ఎ. శిథిలమగును. దూదిపుల్లకు సూక్ష్మజీవుల డి.ఎన్.ఎ. కూడ అంటును. సమగ్ర జన్యుపటము కావలెనన్న తాజా రక్తమే మేలు. సరీసృపముల ఎర్ర రక్తకణములలో, మన కణములకు భిన్నముగా, కేంద్రకముండుటచే ఒక్క బొట్టే చాలును. కనుక సూదిని పూర్తిగా నిషేధింపుమని మేము కోరుట లేదు. కుబుసము చాలునా యని ముందు విచారించి, చాలనప్పుడే ప్రాణిని పట్టవలెనని మా అభిప్రాయము. పట్టుటయే దానికి పెద్ద బెదురు. సూది లేనంత మాత్రమున హింస లేదనరాదు.

మన హైదరాబాదులోనే సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ ప్రయోగశాల వన్యప్రాణుల డి.ఎన్.ఎ.పై కృషి సల్పుచున్నది. మన జంతుశాస్త్ర విభాగపు బీరువాలో మాత్రము ఫార్మలిన్ సీసాలలో పాములు నిలిచియున్నవి. ఫార్మలిన్ డి.ఎన్.ఎ.ను చెడగొట్టును గనుక ప్రాణము పోగొట్టుకొనియు అవి చెప్పగలిగినది స్వల్పమే. ఇకపై క్రొత్త సీసాలు కొనక, అటవీశాఖవారి అనుమతి ముందుగా పొంది, విద్యార్థులు చేతితొడుగులతో ఏరిన కుబుసములను పొడి కాగితపు కవర్లలో, దొరికిన స్థలము, తేదీ వ్రాసి భద్రపరచుటకు ఒక అర కేటాయింపవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాము.