బండి గాలిలో ఉండగా బిగించరాదు

పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడు పంచె ఎగగట్టి, వ్యాను కింద దూరి నట్లు విప్పుతుంటే చూసినవారికి నవ్వు రావడం సహజం. మా వీధివారికీ వచ్చింది. "ఏం మాస్టారూ, ఛందస్సు వదిలి చక్రాలు పట్టుకొన్నారు?" అని ఎదురింటివారు గేటు దగ్గర నిలబడి అడిగారు. నోట్లో టార్చిలైటు ఉండడం వలన అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ టపా.

మాది మారుతి ఆమ్ని. ఈ బండి 1984లో మారుతి వ్యాను అన్న పేరుతో వచ్చి, 1988లో ఆమ్ని అయింది. 2019లో దాని తయారీ ఆగిపోయింది. ముందు సీట్ల కింద 796 సీసీల చిన్న ఇంజను, పక్కకు జారే తలుపులు, అగ్గిపెట్టె వంటి ఆకారం. అందం అన్న మాట దాని దరిదాపులకు రాదు. అయినా మా ఇంటిల్లిపాదినీ మోసింది. అబ్బాయి కళాశాలకు వెళ్ళిననాటి పెట్టెబేడ, అమ్మాయి పెళ్ళి సామాను దానిలోనే వెళ్ళాయి. చివరి రోజుల్లో మా అమ్మ ఆసుపత్రికి వెళ్ళి వచ్చిందీ దాని వెనక సీటులోనే. కనుక గడువు తీరిన రిజిస్ట్రేషనును పొడిగించుకొని మరీ ఉంచుకొన్నాను.

మేముండేది బందరులో. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కిందటి సంవత్సరం హంసలదీవికి వెళ్ళి వస్తుండగా ప్రతి గుంటలోను వెనకనుంచి దబ్బుదబ్బుమని చప్పుడు మొదలైంది. మలుపు తిరిగినప్పుడు బండి ఒక పక్కకు ఒరిగి, నిలదొక్కుకొనడానికి ఆలస్యం చేస్తోంది. "ఏమండీ, మనం బండిలో కూర్చున్నామా, రోట్లో కూర్చున్నామా?" అని మా ఆవిడ అడిగింది. మనవడి తల రెండుసార్లు కిటికీకి తగిలింది. ఇక ఊరుకోవడం తగదనిపించింది.

ఇంటికి వచ్చి పరీక్ష చేశాను. ఇది ఎవరైనా చేసుకోదగిన పరీక్షే. నిలిపి ఉన్న బండిని ఒక మూల రెండు చేతులతో గట్టిగా కిందికి నొక్కి వదలాలి. ఒకసారి లేచి కుదురుకొంటే మేలు. ఊగుతూనే ఉంటే షాకబ్జరు పని అయిపోయినట్లే. మాది ఉయ్యాలే ఊగింది. వంగి చూస్తే షాకబ్జరు గొట్టం పొడవునా నూనె కారి, దానికి దుమ్ము అట్టకట్టి ఉంది. కమాను పట్టీల కొసలనుండే రబ్బరు బుష్షులు పగిలిపోయి ఇనుమును ఇనుము కొడుతోంది.

భారాన్ని మోసేది కమాను, ఊపును అణచేది షాకబ్జరు. ఈ రెండింటికీ గల భేదం నాకు అరవై దాటిన తరువాత గాని తెలియలేదు. చక్రం గుంటలో పడి లేచినప్పుడు కమాను వంగి ఆ శక్తిని దాచుకొంటుంది, మరుక్షణమే తిరిగి ఇచ్చివేస్తుంది. ఇచ్చినదానిని పుచ్చుకొనేవారు లేకపోతే బండి ఊగుతూనే ఉంటుంది. షాకబ్జరులోని నూనె సన్నని రంధ్రాల గుండా దూరుతూ ఆ శక్తిని వేడిగా మార్చి పోగొడుతుంది. ఉమ్మడి కుటుంబాలలో ఇటువంటివారు ఒకరుండేవారు. వారు పోయిన తరువాతనే వారి విలువ తెలిసేది.

కమాను అంటే పారసీకంలో విల్లు. ఉర్దూ మీదుగా మన లారీ షెడ్లలోకి వచ్చింది. ఒకదానిపై ఒకటి పేర్చిన ఆ ఉక్కు పట్టీల వంపు చూస్తే నిజంగా విల్లే. వస్తువును కళ్ళారా చూసినవాడు వాడుకలోకి తెచ్చిన పేరది. నన్నడిగి ఉంటే నిఘంటువు ముందు పెట్టుకొని ఐదారక్షరాల సమాసమేదో చేసి ఇచ్చేవాణ్ణి. ఒక్క మేస్త్రీ కూడా దానిని పలికేవాడు కాదు.

ఆమ్నికి వెనక కమాను పట్టీలు, ముందు చుట్టల స్ప్రింగులు ఉంటాయి. వెనక పని ఇంట్లో చేసుకోదగినదే. అయితే కొన్ని జాగ్రత్తలు తప్పవు. చేతి బ్రేకు వేశాము గదా అన్న ధీమా పనికిరాదు. ఈ బండికి చేతి బ్రేకు పట్టేది వెనక చక్రాలనే, గేరు పట్టేదీ వెనక చక్రాలనే. వాటినే పైకి లేపిన తరువాత ఇక బండిని ఆపేదేమున్నది? కాబట్టి ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు అడ్డం పెట్టాలి. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఎత్తిన వెంటనే బండి చట్రం కింద ఇనుప స్టాండ్లు నిలపాలి. ఇటుకలు పేర్చి కింద దూరేవారిని చూశాను. ఇటుక చెప్పి పగలదు.

ముందురోజు రాత్రే నట్లకు నూనె పోసి నానబెట్టాము. "తుప్పు వదలగొట్టడం" అన్న జాతీయాన్ని ముప్పై ఏళ్ళకు పైగా సొంతవాక్యాలతో సహా బోధించాను. అందుకు ఎంత బలం కావాలో మర్నాడు నా భుజాలకు తెలిసింది. మనవడు పానాలు అందించాడు. షాకబ్జర్లు రెండూ ఒకేసారి మార్చాము. ఒక పక్క కొత్తది, మరొక పక్క పాతది ఉంటే బండి కుదురుగా నడవదు. ఎండిపోయిన బుష్షులను రంపంతో కోసి తీయవలసి వచ్చింది. కొత్తవాటికి సబ్బునీళ్ళు రాసి లోపలికి నెట్టాము. గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి చెడుతుంది. రెండు రోజులు పట్టింది. చివర అన్ని నట్లనూ నా బలమంతా ఉపయోగించి బిగించి, ఆ తరువాత స్టాండ్లు తీసి బండిని నేలమీదికి దించాను. చప్పుడు పోయింది. ఎదురింటివారిని ఎక్కించుకొని ఒక చుట్టు తిప్పి తీసుకువచ్చాను కూడా.

నాలుగు నెలలు గడిచాయి. చప్పుడు తిరిగి వచ్చింది.

సరుకు నాసిరకమని దుకాణదారును తిట్టుకొంటూ రోడ్డు పక్క షెడ్డుకు తీసుకువెళ్ళాను. అక్కడి మేస్త్రీ కింద పడుకొని ఒక్క నిమిషం చూశాడు. లేచి, చేతులు గుడ్డకు తుడుచుకొంటూ, "సరుకు మంచిదే మాస్టారూ. బండి గాల్లో ఉండగానే బిగించేశారు కదండీ. చక్రాలు నేలకు ఆనాక, బరువు పడ్డాక బిగించాలండీ. లేకపోతే రబ్బరు మెలిపడిపోద్ది" అన్నాడు.

అతడు చెప్పింది అక్షరాలా నిజం. ఈ బుష్షు బోల్టు చుట్టూ గిరగిర తిరిగేది కాదు. బిగించగానే బోల్టును పట్టుకొని ఉంటుంది. కమాను కదిలినప్పుడల్లా ఆ రబ్బరే అటూ ఇటూ మెలిపడి తిరిగి సర్దుకొంటుంది. బండి గాలిలో ఉన్నప్పుడు ఇరుసు కిందికి వేలాడుతూ ఉంటుంది. ఆ భంగిమలో బిగించివేస్తే, నేలమీదికి దించినప్పటినుండి రబ్బరు ఎప్పుడూ మెలికలోనే ఉండిపోతుంది. దానికి విశ్రాంతి అన్నది ఉండదు. అందువల్ల త్వరలోనే చిరుగుతుంది. తప్పు సరుకుది కాదు, నాదే.

ఆ మాట విని ఇంటికి వస్తుంటే 1990లలో నేను పాఠం చెప్పిన ఒక తొమ్మిదవ తరగతి గుర్తుకు వచ్చింది. ఆ తరగతిలో ఒక పిల్లవాడికి సంధులు ఎంత చెప్పినా వచ్చేవి కావు. కాని బడిలో చేతిపంపు చెడిపోతే విప్పి బాగుచేసేవాడు. నా సైకిలు చైను తెగినప్పుడు అడగకుండానే అతికించి తెచ్చాడు. ఒకనాడు సవర్ణదీర్ఘసంధికి ఉదాహరణ చెప్పలేక నిలబడితే, అందరి ముందు, "నువ్వు పానా పట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరావురా" అన్నాను. తరగతి అంతా నవ్వింది. మరుసటి సంవత్సరం అతడు బడికి రాలేదు. నా మాట వల్లనా, ఇంటి పరిస్థితి వల్లనా అన్నది నేను కనుక్కోలేదు. కనుక్కోకపోవడం నా రెండవ తప్పు. అతడు ఏమయ్యాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకా ఏ బరువూ మీద పడని పిల్లవాణ్ణి, వీడింతే అని బిగించివేశాను.

పానా పట్టుకోవడం అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసినంతలో చెబుతున్నాను. ఆ పనికి ఒక వ్యాకరణం ఉన్నది. దేని తరువాత ఏది విప్పాలో ఒక క్రమం ఉన్నది. అపవాదాలు ఉన్నాయి. "బరువు మీద బిగించు" అన్నది సూత్రం. మేము కొన్న బుష్షుల పొట్లం మీద అది అచ్చయి లేదు, గురుముఖతః నేర్వవలసినదే. దానిని అతిక్రమిస్తే ఎర్రసిరా గీత కాదు, నాలుగు నెలల్లో చిరిగిన రబ్బరు జవాబు చెబుతుంది. సంధి తప్పిన విద్యార్థికి నేను అరమార్కు తగ్గించేవాణ్ణి. ఈ విద్యలో తప్పు చేస్తే మలుపులో బండి అదుపు తప్పుతుంది.

మిత్రులు కొందరు ఒక ఆక్షేపణ చెప్పారు. "మేస్త్రీల మీద అంత గౌరవం ఉంటే పని వాళ్ళకే ఇవ్వక ఇంట్లో చేసుకోవడమెందుకు? అది వాళ్ళ కూలికి గండి కొట్టడం కాదా?" అని. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది. పూర్వం నేను షెడ్డుకు వెళితే, "నాలుగు నట్లు విప్పినందుకు ఇంత డబ్బా?" అని బేరమాడేవాణ్ణి. నాలుగు నట్లు స్వయంగా విప్పిన తరువాత ఆ ప్రశ్న నా నోట రాలేదు. చేసి చూడని పనికి ధర కట్టడంలో మన చదువుకొన్నవాళ్ళం చాలా అన్యాయం చేస్తున్నాము. ఒక పనినైనా స్వయంగా చేసి, చెడగొట్టి, మళ్ళీ చేసినవాడికి మిగిలిన పనుల బరువు కొంత తెలుస్తుంది.

ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఆ విద్యలో భాగమే. వెనక పని అయ్యాక మనవడికి ముందువైపు మీద మనసు పోయింది. "యూట్యూబులో చూపించారు తాతయ్యా, అరగంట పనే" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ముందువైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్టు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు పేరు మీద వచ్చినది. అందులో స్ప్రింగు అణగదొక్కి ఉంటుంది. దానిని తగిన పరికరంతో పట్టి ఉంచకుండా పైనట్టు విప్పితే, ఆ దాగిన శక్తి అంతా ఒక్కసారిగా బయటపడి ముఖం మీదికి వస్తుంది, ప్రాణానికే ముప్పు. ఆ పరికరం మా ఇంట్లో లేదు, ఉన్నా వాడిన అనుభవం లేదు. ముందు పని షెడ్డుకే ఇచ్చాము. బేరమాడలేదు.

చేతిపనికి చదువులో చోటు ఉండాలన్న మాట కొత్తది కాదు. 1937లో వార్ధా సమావేశంలో గాంధీగారు ప్రతిపాదించిన మౌలికవిద్యకు కేంద్రం చేతివృత్తే. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు వృత్తుల పరిచయం ఉండాలనీ, పది రోజులు పుస్తకాల సంచి లేకుండా పిల్లలు పనివారి దగ్గర నేర్చుకోవాలనీ చెప్పింది. కాగితం మీద లోటు లేదు. లోటు మా వంటి పంతుళ్ళలోనే ఉంది. మా బడి కాలపట్టికలో వారానికి ఒక చేతిపని పీరియడు ఉండేది. సిలబసు పూర్తి కాలేదని దానిని అడిగి తీసుకొని పద్యాలు చెప్పినవాణ్ణి నేనే. పిల్లలకు మేలు చేస్తున్నాననే అనుకొన్నాను. ఇప్పుడు బడులలో ఉన్న ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం రెండే: ఆ పీరియడును తీసుకోకండి, పానాను తిట్టుగా వాడకండి.

మేస్త్రీ చెప్పిన తరువాతి ఆదివారం కొత్త బుష్షులు తెచ్చి మళ్ళీ మొదలుపెట్టాము. ఈసారి ఒక్క రోజులో ముగిసింది. నట్లన్నీ వేళ్ళతో తిప్పి వదిలి, స్టాండ్లు తీసి, జాకీ మెల్లగా దించాము. చక్రాలు ఇంకా నేలకు పూర్తిగా ఆనలేదు. మనవడు అప్పటికే పానా పట్టుకొని సిద్ధంగా ఉన్నాడు.

"బిగించేయనా తాతయ్యా?"

"ఆగరా. బరువు పడనీ" అన్నాను.