మేఘం కాదు.. బూందీ లడ్డూ!

మీ ఫోన్‌కి 5జీ ఎక్కువగా 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద వస్తుంది. దానికి 140 రెట్లు ఎక్కువ ఫ్రీక్వెన్సీలో, అంటే 492 గిగాహెర్ట్జ్ దగ్గర, ఆకాశం నుంచి ఇంకో సిగ్నల్ నిత్యం వస్తూనే ఉంటుంది. రీఛార్జ్ అక్కర్లేదు కానీ, పట్టుకోవడం మాత్రం మహా కష్టం.

పంపేది ఏ గ్రహాంతరవాసో కాదు, కార్బన్! మన ఒంట్లో, పొయ్యిలో బొగ్గులో ఉండే అదే కార్బన్. కాకపోతే అక్కడ అది దేనితోనూ జతకట్టకుండా, ఒంటరి పరమాణువుగా తిరుగుతుంటుంది. ఎక్కడంటారా? నక్షత్రాలు పుట్టే మేఘాల్లో.

ఐదు నెలలకో పలుకు

ఈ మేఘాల లోపల చలి మామూలుగా ఉండదు. చాలాచోట్ల మైనస్ 250 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువే. అంత చలిలో కంటికి కనిపించే వెలుగు పుట్టదు. అయితే పక్కనుంచి పోయే హైడ్రోజన్ వచ్చి తగిలితే కార్బన్ పరమాణువుకి కాస్త శక్తి వస్తుంది. ఆ శక్తిని అది 0.6 మిల్లీమీటర్ల పొడవున్న తరంగంగా వదిలేస్తుంది. మిల్లీమీటర్ కంటే చిన్నది కాబట్టే దీన్ని సబ్‌మిల్లీమీటర్ తరంగం అంటారు.

తమాషా ఏంటంటే, శక్తి అందిన పరమాణువు దాన్నిలా వదలడానికి సగటున ఐదు నెలల దాకా పడుతుంది. అయినా సిగ్నల్ ఆగదు. ఎందుకంటే మేఘంలో పరమాణువులు లెక్కకు అందనన్ని. ఈ క్షణంలో ఒకటి పలక్కపోతే ఇంకోటి పలుకుతుంది. పైగా ఇలా బయటికెళ్లే ప్రతి తరంగం మేఘంలోంచి కొంచెం వేడిని పట్టుకుపోతుంది. మేఘం చల్లబడితేనే కదా, తన బరువుకి తానే కుంగిపోయి నక్షత్రంగా మారేది!

విమానమెక్కిన టెలిస్కోప్

ఈ సిగ్నల్‌కి పెద్ద శత్రువు మన గాలిలోని తేమ. నేలకు చేరేలోపే నీటి ఆవిరి దాన్ని మింగేస్తుంది. అందుకే నాసా ఓ రవాణా విమానంలో 91 సెంటీమీటర్ల టెలిస్కోప్ పెట్టి, 12 కిలోమీటర్ల పైకి తీసుకెళ్లింది. దాని పేరు కైపర్ ఎయిర్‌బోర్న్ అబ్జర్వేటరీ. అందులోంచే థామస్ ఫిలిప్స్ బృందం కార్బన్ పలుకుని మొదటిసారి విని, 1980లో ప్రపంచానికి చెప్పింది.

విన్నాక అసలు చిక్కు మొదలైంది. అప్పటి లెక్కల ప్రకారం మేఘం ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉండాలి. బయట నక్షత్రాల అతినీలలోహిత కిరణాలు తగిలి కార్బన్ ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటుంది. లోపల చీకట్లో ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అయిపోతుంది. ఈ రెండింటికీ మధ్య, పల్చటి ఉల్లిపొరంత జాగాలోనే ఒంటరి కార్బన్ మిగలాలి. తీరా చూస్తే ఆ పొరలో కాదు, మేఘం లోపల కూడా విస్తారంగా కనిపించింది!

జవాబు దొరకడానికి కొన్నేళ్లు పట్టింది. 1988లో స్టుట్జ్కీ బృందం ఎం17 అనే మేఘాన్ని పరిశీలించి చెప్పిందేంటంటే.. మేఘం నున్నటి ముద్ద కాదు. గడ్డలు గడ్డలుగా, మధ్యలో సందులతో ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే బూందీ లడ్డూ అన్నమాట. ఆ సందుల్లోంచి అతినీలలోహిత కాంతి లోపలిదాకా దూరిపోతుంది. లడ్డూకి ఒక్కటే పైపొర అనుకున్నాం గానీ, ప్రతి బూందీకీ దాని పొర దానికుంది. అందుకే కార్బన్ అంతటా కనిపిస్తోంది.

ఫ్యూజీ మీద బుల్లి డిష్

ఇది ఒక్క మేఘం కథా, అన్నింటిదీనా? తేలాలంటే ఆకాశంలో పెద్ద మేర గాలించాలి. పెద్ద టెలిస్కోప్ ఒక్కోసారి చూసేది చిటికెడు చోటే. అందుకని జపాన్ శాస్త్రవేత్తలు రివర్స్‌లో ఆలోచించారు. 1998 జులైలో ఫ్యూజీ పర్వతం మీద, 3,725 మీటర్ల ఎత్తున, కేవలం 1.2 మీటర్ల డిష్ పెట్టారు. దాన్ని టోక్యో విశ్వవిద్యాలయం నుంచే రిమోట్‌గా నడిపారు.

చిన్న డిష్ కాబట్టి ఒక్కో చూపులో ఎక్కువ చోటు పడుతుంది. అలా అది 40 చదరపు డిగ్రీలకు పైగా ఆకాశాన్ని గాలించింది. సుమారు 200 నిండు చందమామలు పట్టేంత చోటు! ఓరియన్ మేఘాల్లో చూస్తే, కార్బన్ మోనాక్సైడ్ పరుచుకున్నంత మేరా కార్బన్ కూడా పరుచుకుని ఉంది.

వృషభ రాశిలోని ఓ మేఘంలో ఇంకో విశేషం దొరికింది. ఒక వైపు కార్బన్ మోనాక్సైడ్ తక్కువ, ఒంటరి కార్బన్ ఎక్కువ. అంటే కార్బన్‌కి ఇంకా జత కుదరలేదు, ఆ భాగం వయసులో చిన్నది అని వాళ్ల అంచనా. మేఘం వయసు చెప్పే ఆనవాలు కూడా కార్బనే అయింది.

ఇంతకీ మనకెందుకు?

ఒక మేఘంలో ఎన్ని నక్షత్రాలకు సరిపడా సరుకుందో తెలియాలంటే దాన్ని తూచాలి. అందులో ఎక్కువ భాగం హైడ్రోజనే. కానీ అంత చలిలో హైడ్రోజన్ అణువు దాదాపు నోరెత్తదు. అందుకే ఇన్నాళ్లూ కార్బన్ మోనాక్సైడ్‌ని సాక్షిగా పెట్టుకుని లెక్కేశారు. అతినీలలోహిత కాంతికి ఆ సాక్షి విరిగిపోయిన చోట లెక్క తప్పుతుంది, సరుకు ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. అక్కడ ఒంటరి కార్బన్ సాక్ష్యం పనికొస్తోంది.

చిలీలో 5,000 మీటర్ల ఎత్తున 66 డిష్‌లతో పనిచేస్తున్న ఆల్మా ఇప్పుడు ఇదే పద్ధతిలో సుదూర గెలాక్సీల్లోని వాయువునీ తూస్తోంది. విశ్వం వ్యాకోచం వల్ల అక్కడి తరంగాలు సాగి వస్తాయి. 492 గిగాహెర్ట్జ్ కాస్తా 123కి దిగిపోవచ్చు. అది మన గాలిని ఇంకా సులువుగా దాటుతుంది. అంటే దూరం పెరిగితే ఈ పని ఒక రకంగా తేలికవుతుంది!

మన సూర్యుడు 460 కోట్ల ఏళ్ల కిందట ఇలాంటి ఓ మేఘంలోనే పుట్టాడు. మన ఒంట్లో కార్బన్ కూడా ఆ మేఘం సరుకే. ఈసారి చలికాలం రాత్రి డాబా ఎక్కితే ఓరియన్ నడుము దగ్గరి మూడు చుక్కలు వెతకండి. వాటి కిందే మసగ్గా ఓ మచ్చ కనిపిస్తుంది. నక్షత్రాలింకా పుడుతున్న చోటు అదే. అక్కడి కార్బన్ 1,300 ఏళ్ల కిందట పంపిన కబురు మీరు చూస్తున్న ఆ క్షణంలోనే భూమికి చేరుతుంటుంది.