చండామార్కుల బడి మనకు వలదు

పసిపిల్లలకు ప్రాథమిక పాఠశాలలోనే మతబోధ జరుగవలెనని కోరువారు మన సంఘములలో పెక్కుమంది యున్నారు. పిల్లలు స్వధర్మమును మరచుచున్నారనియు, పరభాషల నడుమ పెరుగు వారికి దేవుని పేరు బడిలోనైనను వినబడవలెననియు, వారమునకు దొరకు తెలుగు గంటలలో ఒకటి రెండు ఇందుకు కేటాయించినను నష్టము లేదనియు వారు చెప్పుదురు. వారి ఆవేదనను మేము కాదనము. వారు సూచించు మందును మాత్రము అంగీకరింపజాలము. ఆ మందు రోగమును కుదుర్పకపోగా, ఉన్న కొద్దిపాటి సత్తువను గూడ హరించును.

మనలో కొందరి పూర్వులు వలస వచ్చినవారు. మరికొందరము కదలక యున్నను సరిహద్దులే కదలి మనలను అల్పసంఖ్యాకులను గావించినవి. హోసూరైనను, కోవిల్పట్టియైనను, బళ్ళారియైనను, పర్లాకిమిడియైనను, షోలాపూరు పద్మశాలి పేటలైనను కథ యొక్కటే. అంగడిలో ఆ రాష్ట్రపు భాష, కచేరిలోను అదియే, బడిలో ఆ భాషయో, ఇంగ్లీషో. ఇక తెలుగు నిలిచిన దెచ్చట? దేవుని గూటి యెదుట. తెలుగక్షరము గుర్తింపలేని బాలిక సయితము అవ్వ చెంత గూర్చుండి మంగళహారతి తెలుగుననే పాడును. రామదాసు కీర్తన, వేమన పద్యము, ప్రహ్లాదుని కథ ఆమెకు చెవి మార్గముననే అందుచున్నవి. మనకు మిగిలిన ఆస్తి యిది.

ఈ ఆస్తిని బడికి అప్పగించినచో ఏమగును? ఉమ్మడి తరగతిలో మతబోధ జరిగెనా, షోలాపూరులో అది మరాఠీలో జరుగును. బరంపురములో ఒడియాలో, మదురలో తమిళములో జరుగును. తుకారాము అభంగములు, ఆళ్వారుల పాశురములు మనకును పూజ్యములే. కాని బిడ్డ ప్రార్థన బడిలో పరభాషలో ముగిసినపిమ్మట ఇంట అవ్వ పాటకు పనియేమి? ప్రార్థన గడప దాటిన నాడు దాని వెంటనే తెలుగును గడప దాటును. అట్లుగాక, తెలుగు గంటలోనే మతబోధ జరిపెదమందురా, అప్పుడు గుణింతములకు, ఒత్తులకు గంట యేది? పద్యము కంఠస్థమగును, చదువుట మాత్రము రాదు. చదువరాని పిల్లవానికి రేపు పోతన భాగవతము మూసిన పుస్తకమే గదా!

ఆ గంట మనకు ఎట్లు వచ్చెనో మరువరాదు. 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము, తరగతిలో 10 మందియో, బడి మొత్తముమీద 40 మందియో ఆ భాషవారుండినచో ప్రాథమిక దశలో మాతృభాష నేర్పు ఉపాధ్యాయుని నియమింపవలెనని నిర్ణయించినది. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున జేరిన 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింపుమని రాష్ట్రములను ఆదేశించుచున్నది. ఈ హక్కు మనకు భాష పేరిట వచ్చినది. తెలుగు మాటలాడువారందరు ఒక్క దేవుని గుడికి పోరు. క్రైస్తవ కీర్తనలు రచించిన పురుషోత్తమ చౌధరి తెలుగువాడే. పిఠాపురపు కవి ఉమర్ ఆలీషా తెలుగువాడే. వారి బాటలోని బిడ్డలను తెలుగు గంటనుండి దూరము చేసికొని, పిదప తరగతికి పదుగురు దొరకరని విలపించుట వివేకమా?

'మన సంఘము స్వయముగా స్థాపించిన బడిలో మన యిష్టము గదా! ఇతరులు తమ బడులలో బోధించుకొనుచుండగా మనమేల ఊరకుండవలెను?' అని మరియొక వాదము. భాషాల్పసంఖ్యాకులు తమ విద్యాలయములను తామే నెలకొల్పి నడపుకొనవచ్చునని 30వ అధికరణము చెప్పుట నిజమే. అయినను, పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు బడిలో మతబోధ కూడదనియు, గుర్తింపునో సహాయధనమునో పొందిన బడిలో సంరక్షకుల సమ్మతి లేనిదే బాలుని అట్టి బోధకు కూర్చుండబెట్టరాదనియు 28వ అధికరణము కట్టడి చేసినది. సమ్మతిపత్రముతో పెద్దల చిక్కు తీరును. పసివాని చిక్కు తీరదు. తండ్రి సమ్మతింపని ఆరేండ్ల బిడ్డ ఆ గంటసేపు వరండాలో ఒంటరిగా కూర్చుండును. తాను చేసిన తప్పేమో వానికి తెలియదు. నేడు మన బడిలో ఒకరి బిడ్డను వరండాలో గూర్చుండబెట్టి, రేపు ఒరుల బడిలో మన బిడ్డకు ఆ గతి పట్టినపుడు ఏ మొగముతో న్యాయ మడుగుదుము?

యానాములోని మన సోదరులు 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలో నుండిరి. ఆ ఫ్రాన్సు దేశము 1882లోనే ప్రాథమిక విద్యాశాసనమున ఒక చక్కని యేర్పాటు చేసెను. ఆదివారముగాక వారమునకు ఇంకొక దినము ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు మూసియుంచవలెను. కోరిన తల్లిదండ్రులు ఆ దినమున బడి కట్టడమునకు వెలుపల తమ బిడ్డలకు మతబోధ చేయించుకొనవచ్చును. బడికిని, మతమునకును వేర్వేరు తావులు చూపిన యేర్పాటిది.

అంత దూరమేల? ప్రహ్లాదుని కథ మన యెదుట లేదా! హిరణ్యకశిపుడు కుమారుని చండామార్కుల కొప్పగించెను. ప్రభువు మెచ్చిన బోధ ఆ బడిలో పుష్కలముగా జరిగినది. పసివానిలో హరిభక్తి మాత్రము తల్లి కడుపున నున్నప్పుడు విన్న నారదుని మాటల వలన మొలచినది. ఏలినవారు మారినకొలది మారు బోధకు బిడ్డలను అప్పగింపరాదని ఇంతకంటె స్పష్టముగా ఎవరు చెప్పగలరు? తంజావూరు సీమలోని మెలట్టూరులో నృసింహ జయంతి తరుణమున వెంకటరామశాస్త్రి రచించిన తెలుగు ప్రహ్లాద నాటకమును భాగవతమేళగా నేటికిని ఆడుదురు. తమిళదేశపు నడిబొడ్డున ఆ తెలుగును ఇన్ని తరములు కాపాడినది ఆ యూరి భక్తియే. ఏ బడి పాఠ్యక్రమమును కాదు.

పై తరగతులలో అన్ని మతములను గూర్చిన పరిచయము, మహాత్ముల చరిత్రలు చెప్పుటకు మేము విరోధులము కాము. మతములను గూర్చి చదువుట వేఱు, మతమును బోధించుట వేఱు అని సుప్రీంకోర్టు 2002లో తేల్చియున్నది. ఓనమాలు దిద్దు వయసులోని పిల్లలకు ఆ భేదము తెలియదు. గురువు చెప్పినదెల్ల వారికి ఆజ్ఞయే. కావుననే మా అభ్యంతరము.

మతము నేర్పవలెనన్న తపన గలవారు ముందుగా తమ యింట సంధ్యాదీపము వేళ ఒక పావుగంట బిడ్డను చెంత గూర్చుండబెట్టుకొని తెలుగున కథ చెప్పవలెను. భజనమందిరమునకు, మసీదునకు, చర్చికి ఎవరి బిడ్డను వారు తోడ్కొని పోవలెను. తీరిక లేదందురా? తమకు లేని తీరికను జీతగాడైన ఉపాధ్యాయునినుండి ఆశించుట ధర్మము కాదు. సంఘములు ఆ తెలుగు గంటను తెలుగునకే కాపాడవలెను. బడి అక్షరమిచ్చుగాక, ఇల్లు భక్తినిచ్చుగాక. ఇంటి పనిని బడికి వదలినచో మన బిడ్డలకు రెండును దక్కవు.