పెట్టలని కొన్నవన్నీ పుంజులే!

గంపల్లోనో అట్టపెట్టెల్లోనో కోడిపిల్లలు వేసుకుని, ఒకప్పుడు సైకిలు మీద, ఇప్పుడు మోటారు సైకిలు మీద, అమ్మేవాడు ఊళ్ళోకి వస్తాడు. ఆకుపచ్చ, గులాబి రంగులు పూసిన పిల్లల్ని చూసి పసివాళ్ళు తల్లుల కొంగు పట్టుకుని మారాం చేస్తారు. "అన్నీ పెట్టలే అమ్మా, ఐదు నెలలకు గుడ్డు పెడతాయి" అని అతడు ఒట్టు వేసి చెబుతాడు. ఇల్లాలు కొంగుముడి విప్పి పదో పన్నెండో కొంటుంది. నెల తిరిగేసరికి రంగు పోయి తెల్లటి ఈకలు మొలుస్తాయి. నెత్తిన ఎర్రటి జుట్టు లేస్తుంది. గద్ద తన్నుకుపోగా, పిల్లి పట్టుకుపోగా మిగిలిన నాలుగూ నాలుగు పుంజులే. గుడ్డు ఊసే లేదు. అమ్మినవాడు ఆపాటికి ఏ ఊళ్ళో ఉన్నాడో!

ఇల్లాలు తన అదృష్టం ఇంతేనని సరిపెట్టుకుంటుంది. కాని ఇందులో అదృష్టం పాత్ర ఏమీ లేదు. గుడ్ల కోసం పెంచే జాతుల పిల్లలను పొదిగించే హేచరీలలో పిల్ల బయటపడిన రోజునే పుంజును, పెట్టను వేరుచేస్తారు. పెట్టపిల్లలు గుడ్ల ఫారాలకు పోతాయి. పుంజుపిల్ల గుడ్డు పెట్టదు సరే, మాంసానికి పెంచుదామన్నా బ్రాయిలరులా ఆరు వారాల్లో ఎదగదు. అందువల్ల చాలా దేశాలలో వాటిని పుట్టిన రోజే చంపివేయడం ఆనవాయితీ అయింది. జర్మనీ 2022 జనవరి 1 నుంచి ఈ పద్ధతిని చట్టంతో నిషేధించింది. ఇక్కడ ఆ పుంజుపిల్లల్లో కొన్ని కారుచౌకగా బేరగాళ్ళ చేతిలో పడతాయి, రంగు పూసుకుని పల్లెకు వస్తాయి. పెరటి కోడి పొదిగిన పిల్లల్లో ఇంచుమించు సగం పెట్టలవుతాయన్న భరోసా అయినా ఉంటుంది. ఈ గంపలో అదీ లేదు. పెట్టలను ఏరుకోగా మిగిలినవే ఇందులో ఉన్నాయి.

హేచరీవారికి మొదటి రోజునే ఎలా తెలుస్తుందని అడగవచ్చు. 1920 తర్వాతి సంవత్సరాలలో మసూయి, హషిమోతో అనే జపాను శాస్త్రజ్ఞులు ఈ కిటుకును లోకానికి చెప్పారు. పిల్లను గుప్పిట పట్టి, రెట్ట వేసే ద్వారాన్ని సున్నితంగా విప్పి, లోపల ఆవగింజకన్న చిన్నదైన బొడిపెను చూసి పుంజో పెట్టో చెబుతారు. నెలల తరబడి సాధన చేసినవారు గంటకు కొన్ని వందల పిల్లలను ఏరగలరు. చేతకానివారు ప్రయత్నిస్తే పిల్ల లోపలి భాగాలు దెబ్బతిని చచ్చిపోతుంది. రెక్క ఈకల పొడుగును బట్టి చెప్పే మరో పద్ధతి ఉంది గాని, అది తల్లిదండ్రులను ప్రత్యేకంగా ఎంచి జత కట్టించిన జాతులకే పనికివస్తుంది. ఏ పుంజు ఏ పెట్టతో కలిసిందో తెలియని పెరటి మందలో ఆ లెక్క కుదరదు.

పల్లెల్లో చెప్పుకునే గుర్తులు వేరే ఉన్నాయి. కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీస్తే తల పైకెత్తేది పుంజని కొందరు, దారానికి సూది కట్టి పిల్ల మీద పట్టుకుంటే అది ఊగే తీరును బట్టి చెప్పవచ్చని మరికొందరు అంటారు. పుట్టేవి సగం పుంజులు, సగం పెట్టలు కాబట్టి కళ్ళు మూసుకుని చెప్పినా సగంసార్లు నిజమవుతుంది. నిజమైనది పదిమందికీ చెప్పుకుంటారు. తప్పినది ఎవరికీ గుర్తుండదు.

కోలగా, మొన తేలి ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట ఉంటాయన్న నమ్మకం మరీ గట్టిది. పొదుగుకు వేసేటప్పుడు ఏరి ఏరి గుండ్రటివి పెట్టే ఇల్లాళ్ళు ఉన్నారు. కాని ఒక పెట్ట ఎప్పుడూ దాదాపు ఒకే ఆకారపు గుడ్లు పెడుతుంది, అందులోంచి పుంజులూ వస్తాయి, పెట్టలూ వస్తాయి. పచ్చసొన పెట్ట కడుపులో విడివడే వేళకే పుంజో పెట్టో నిర్ణయమైపోతుంది. దాని మీద పెంకు పూర్తికావడానికి ఆ తర్వాత ఇంకా ఇరవై గంటలకు పైగా పడుతుంది. పెంకు ఆకారానికి లోపలి పిల్లతో ఏం సంబంధం? ఇక్కడే ఇంకో సంగతి. కోళ్ళలో పిల్ల ఆడో మగో తేల్చేది తల్లి. మనుషులలో తండ్రి. ఆడపిల్లలే పుడుతున్నారని కోడలిని ఆడిపోసుకునే అత్తగారు మాత్రం పెరటి కోడినీ, ఇంటి కోడలినీ ఒకే గాటన కడుతున్నది.

అంతమాత్రాన ఇల్లాళ్ళకు కోడి సంగతి తెలియదనుకుంటే పొరపాటు. మొదటి రోజు గుర్తులే వట్టివి. ఆరేడు వారాలు దాటిన పిల్లను చూసి పెద్ద ముత్తైదువలు చెప్పే మాటకు తిరుగుండదు. ఒకే పొదుగు పిల్లలను పక్కపక్కన పెట్టి చూస్తారు. పుంజుకు జుట్టు ముందుగా పెరిగి ఎర్రబారుతుంది, ముక్కు కింది తిత్తులు దిగుతాయి. పెట్టకు జుట్టు పాలిపోయి, చిన్నదిగా ఉండిపోతుంది. పుంజు కాళ్ళు లావు, నిలబడడంలో ఒక ఠీవి. పది పన్నెండు వారాలకు మెడ మీద, నడుము మీద వచ్చే ఈకలను చూడాలి. కొసలు సన్నగా, కోసుగా, నిగనిగలాడుతూ ఉంటే పుంజు. కొసలు గుండ్రంగా ఉంటే పెట్ట. అన్నిటిలోకీ నమ్మదగినది ఈ ఈకల గుర్తే. జాతికోళ్ళు పెంచేవారు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి. ఆ జాతిలో పుంజుకు కూడా జుట్టు పొట్టిగా, నెత్తికి అంటుకునే ఉంటుంది. జుట్టు కోసం చూస్తూ కూర్చుంటే పుంజును పెట్ట అనుకునే ప్రమాదముంది. కాలి ముల్లును నమ్ముకోవడమూ దండగ. అది ఆలస్యంగా వస్తుంది, ముసలి పెట్టలకూ ఒక్కోసారి మొలుస్తుంది.

రంగుపిల్లల మోసం పది పిల్లలతో పోతుంది. అప్పు చేసి కోళ్ళు పెట్టుకునే మహిళా సంఘాల సంగతి వేరు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని వనరాజ, గ్రామప్రియ వంటి మంచి రకాలను రూపొందించింది. ఇటువంటి పిల్లలను పుంజు, పెట్ట కలగలుపుగా ఇచ్చేటప్పుడు ఆ మాట స్పష్టంగా చెప్పాలి. ఇరవై పిల్లలు తీసుకున్న ఇల్లాలు ఇరవై పెట్టల గుడ్లు లెక్కగట్టి వాయిదాలకు ఒప్పుకుంటే ఏమవుతుంది? కొక్కెర తెగులుకు, ముంగిసకు ఆరు పోయాయనుకుంటే మిగిలేవి పద్నాలుగు, అందులో పెట్టలు ఏడు. గుడ్ల రాబడి మూడో వంతుకు పడిపోతుంది, వాయిదా మాత్రం తగ్గదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు లెక్క వేసింది ఆమె కాదు, ఆమె చేత వేయించినవారు.

కనుక పిల్లలు పంచే పథకాలలో ఒకరోజు పిల్లలకు బదులు ఎనిమిది వారాల పిల్లలను, పుంజులు పెట్టలు వేరుచేసి ఇవ్వడం మేలు. ధర ఎక్కువవుతుందన్న అభ్యంతరం ఉంది, అది కాదనలేనిదే. అయితే ఆ వయసుకు పిల్ల చలికి, గద్దకు సులభంగా లొంగే దశ దాటి ఉంటుంది, టీకాలు పడి ఉంటాయి. పది పెట్టలకు ఒక పుంజు చొప్పున ఇస్తే చాలు. అది కుదరని చోట కాగితం మీద "కలగలుపు పిల్లలు, సగం పుంజులు కావచ్చు" అని తెలుగులో రాసి ఇవ్వడానికి ఖర్చేమీ లేదు.

గంపలవాడి దగ్గర కాగితం ఎలాగూ ఉండదు. సంతలో పంచాయతీవారు, పశువైద్య సిబ్బంది అతడి చేత పుంజును పుంజనే చెప్పించి అమ్మించాలి. పుంజని తెలిసి, ఆ ధరకే కొని, నూకలు చల్లి పెంచుకునేవారు పల్లెల్లో లేకపోలేదు. అతడి బతుకుతెరువుకు వచ్చిన లోటు ఉండదు.

సొంత పెట్టను పొదుగుకు వేసుకునే ఇళ్ళలో ఈ బెడద లేదు. శ్రావణంలో దిగిన పిల్లలు దసరా నాటికి రెండు నెలలవి అవుతాయి. అప్పుడు జుట్టు, కాళ్ళు, ఆ తర్వాత నాలుగు వారాలకు ఈకలు చూసి, మందకు ఒక మంచి పుంజును, వీలైతే పొరుగూరి నుంచి తెచ్చినదాన్ని, ఉంచుకుని, మిగతా పుంజులను వేరే గంప కింద మేపుకోవచ్చు. సంక్రాంతికి వాటికి ఐదు నెలలు నిండుతాయి. బేరగాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చే రోజులవి.