చెరిగిపోని రాత కన్నా ముందు తప్పులేని రాత కావాలి

మన కర్నూలు, కడప సీమలకు చెరగని రాత కొత్తేమీ కాదు. పత్తికొండ దగ్గరి ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాలు రెండు వేల రెండు వందల ఏళ్లకు పైగా ఎండకూ వానకూ నిలిచే ఉన్నాయి. కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళరాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన శాసనమే మొట్టమొదటి తెలుగు శాసనమని పండితులు చెబుతారు. ఆనాటి రాజులు రాతిబండను నమ్ముకున్నారు. ఈనాటి ప్రభుత్వాలు కంప్యూటర్‌ను నమ్ముకుంటున్నాయి. ఆ కొత్త రాతిబండ పేరే బ్లాక్‌చెయిన్.

బ్లాక్‌చెయిన్ అంటే బిట్‌కాయిన్ వంటి నాణేల లెక్కలు రాసే ఖాతా పుస్తకం. ఒక్కో పుట ఒక్కో 'బ్లాక్'. ప్రతి పుటలోనూ దాని ముందు పుట వేలిముద్ర ఉంటుంది. దీన్నే 'హాష్' అంటారు. పాత పుటలో ఒక్క అక్షరం మార్చినా వేలిముద్ర మారిపోయి, దొంగతనం బయటపడుతుంది. పైగా ఆ పుస్తకం నకళ్లు దేశదేశాల్లో వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. అందుకే అందులో రాసినదాన్ని చెరపడం దాదాపు అసాధ్యం.

డబ్బు లెక్కల కోసం పుట్టిన ఈ పుస్తకంలో ఇతర రాతలు మొదటి రోజునే చేరాయి. 2009 జనవరి 3 నాటి బిట్‌కాయిన్ మొదటి బ్లాక్‌లోనే, దాన్ని సృష్టించిన వ్యక్తి ఆనాటి లండన్ 'టైమ్స్' పత్రిక శీర్షికను చేర్చాడు. 2014లో ఇలాంటి రాతలకు 40 బైట్ల చోటు ఇచ్చారు. తెలుగులో రాస్తే గుణింతపు గుర్తులతో కలిపి పదమూడు అక్షరాలు కూడా దాటవు! 2023 నుంచి ఏకంగా బొమ్మలే ఎక్కిస్తున్నారు. ఇందులో మంచీ ఉంది, చెడూ ఉంది. 2018లో చైనాలోని పెకింగ్ విశ్వవిద్యాలయ విద్యార్థిని ఒకరు న్యాయం కోరుతూ రాసిన బహిరంగ లేఖను ఇంటర్నెట్‌లో ఎక్కడికక్కడ తొలగిస్తుంటే, ఎవరో దాన్ని 'ఇథీరియం' బ్లాక్‌చెయిన్‌లో పెట్టారు. అక్కడ అది నేటికీ చెరగలేదు. అదే ఏడాది జర్మనీ పరిశోధకులు బిట్‌కాయిన్ పుస్తకంలో పసిపిల్లల మీద అఘాయిత్యాలకు సంబంధించిన రాతలను కూడా కనుగొన్నారు. అవీ చెరగవు.

హాస్టల్ పిల్లలకు ఈ గొడవ ఎందుకని అనుకోవద్దు. 2017లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే భూముల రికార్డులను బ్లాక్‌చెయిన్‌కు ఎక్కించే ప్రయోగాలకు స్వీడన్ కంపెనీ క్రోమావేతో, హైదరాబాద్ కంపెనీ జెబీతో చేతులు కలిపింది. 2022లో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా ఎటపల్లిలో సుమారు 65 వేల కుల ధ్రువపత్రాలను 'పాలిగన్' బ్లాక్‌చెయిన్‌కు జోడించే పని చేపట్టారు. భూమి పట్టా, కులం సర్టిఫికెట్. మన బతుకులు ఆధారపడిన కాగితాలు ఈ రెండే కదా!

దీనివల్ల మేలు లేదని మేము అనడం లేదు. 2024 జులైలో మన రాయలసీమలోనే, మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు చెలరేగి భూముల ఫైళ్లు కాలిపోయాయి. కాగితం కాలుతుంది, చెదలు పడుతుంది, రాత్రికి రాత్రి మారుతుంది. దొంగ సర్టిఫికెట్లతో మన సీట్లు తన్నుకుపోయేవాళ్లూ ఉన్నారు. వేల చోట్ల నకలు ఉంటే ఈ ఆటలు సాగవు.

అయితే ఒక్క మాట. బ్లాక్‌చెయిన్ రాతను కాపాడుతుందే గాని ఆ రాత నిజమో కాదో చెప్పలేదు. మాలో ఒకరి తాతకు ప్రభుత్వం రెండెకరాల డి.కె.టి. పట్టా ఇచ్చింది. సేద్యం చేసేది ఆయనే. కంప్యూటర్ అడంగల్‌లో మాత్రం వేరొకరి పేరు ఎక్కింది. ఏ కార్యాలయంలో అడిగినా "సిస్టమ్‌లో అట్లే ఉంది" అన్నారు. మార్చగలిగిన కంప్యూటర్ దగ్గరే ఇన్ని తిప్పలుంటే, మార్చలేని పుస్తకంలో ఆ తప్పు ఎక్కితే ఆ ముసలాయన గతేమిటి? 2022 నాటి భూహక్కు చట్టంలో, రెండేళ్లలోగా అభ్యంతరం చెప్పకుంటే రాసిందే ఖాయమనే నియమం ఉండేది. 2024లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. చదువురాని రైతుకు రెండేళ్లలో తెలిసేదెలా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

కులం సంగతి ఇంకా సున్నితమైనది. కులం అడిగి గది అద్దెకివ్వని పట్టణాలు నేటికీ ఉన్నాయి. స్కాలర్‌షిప్పు కోసం అధికారికి చూపే కులం వేరు, ప్రపంచమంతా ఎప్పటికీ చూడగల పుస్తకంలో పేరు పక్కన రాసే కులం వేరు. మన వివరాలను సరిదిద్దమని, తొలగించమని అడిగే హక్కును 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనకిచ్చింది. చెరపడానికి వీల్లేని చోట రాసేస్తే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

కాబట్టి మా అభిప్రాయం ఇది. బహిరంగ బ్లాక్‌చెయిన్‌లో పత్రం వేలిముద్ర మాత్రమే పెట్టాలి. పేరు, కులం, ఆధార్ వంటివి పెట్టకూడదు. ఎక్కించే ముందు ఊరందరి ఎదుట తెలుగులో చదివి వినిపించాలి. తప్పు దొర్లితే సవరణను కొత్త పుటలో రాసి, అదే చెల్లుతుందని చట్టంలో చెప్పాలి. దిద్దే బాధ్యత ఫలానా అధికారిదని, ఫలానా గడువులోగా దిద్దాలని ఉండాలి. ఈ ఏర్పాట్లు లేకుండా చెరగని పుస్తకం తెస్తే, అది బలవంతుడి అబద్ధానికి రాతికోట అవుతుంది.

మా ఇళ్లలో మొదటిసారి డిగ్రీ పట్టా అందుకున్నవాళ్లం మేము. భూమి పట్టా మీద ఏముందో చదవలేక వేలిముద్ర వేసినవాళ్లు మా పెద్దలు. ఆ లోటు తీర్చాల్సింది మనమే. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో పాసుపుస్తకం, 1బి, అడంగల్ పక్కపక్కన పెట్టి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిచూడండి. మీ ఇంటిదే కాదు, మీ వీధిలో చదువురాని ప్రతి ఇంటిదీ చూడండి. ఉద్యోగాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు ఒక్క ఆదివారం ఈ పనికి కేటాయిస్తే వందల కుటుంబాలకు మేలు జరుగుతుంది. రేపు ఎవరు ఏ యంత్రంతో రాసినా, ఈరోజు సరిదిద్దిన రాతే మనల్ని కాపాడుతుంది.