“అదే కరిగిపోతుంది” అని పంపివేయడం చాలదు

మధుమేహం వల్ల రెటీనా దెబ్బతిని విట్రెక్టమీ చేయించుకున్నవారి కంటిలో, కొద్ది రోజులకో కొన్ని నెలలకో మళ్ళీ రక్తం చేరితే ఇంట్లో వినిపించే మాట ఒకటే: ఆపరేషన్ చెడిపోయింది. ఆసుపత్రిలో తరచుగా వినిపించేది మరొకటి: అదే కరిగిపోతుంది, నెల తరువాత రండి. మొదటిది చాలాసార్లు తప్పు. రెండవది చాలాసార్లు నిజమే. అయినా నా అభ్యంతరం రెండవదానిపైనే.

అది ఎందుకు నిజమో ముందు చెప్పాలి. విట్రెక్టమీలో కంటి గోళాన్ని నింపి ఉన్న జిగురు పదార్థాన్ని తొలగిస్తారు. సాధారణంగా ఆ చోట చివరకు నీటివంటి ద్రవం నిలుస్తుంది. జిగురులో చిక్కిన రక్తం నెలల తరబడి ఉండిపోవచ్చు. ద్రవంలో కలిసిన రక్తం చాలామందిలో కొన్ని వారాలలో దానంతట అదే తొలగుతుంది. తొలి రోజులలో కనబడే రక్తం తరచుగా, కోసిన పొరల నుండి ఊరినదో, అంచున మిగిలిన జిగురులోంచి దిగిన పాత రక్తమో అయి ఉంటుంది. కనుక వెంటనే మళ్ళీ కత్తి పట్టని వైద్యుణ్ణి తప్పుపట్టకండి.

కాని ఆ రక్తపు తెర రోగికే కాదు, వైద్యుడికీ అడ్డమే. దాని వెనుక రెటీనా ఊడి ఉందో లేదో చూడకుండా ఇచ్చే ధైర్యానికి ఆధారమేమిటి? బి-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ పరీక్షను మూసిన రెప్ప మీదనే కొద్ది నిమిషాలలో చేయవచ్చు. కంటి ఒత్తిడి కొలవడం అంతకన్నా చిన్న పని. పాతబడి బిరుసెక్కిన ఎర్ర రక్తకణాలు కంటిలోని ద్రవం బయటకు పోయే జల్లెడను మూసివేస్తే, ఒత్తిడి పెరిగి దృష్టినాడి నశిస్తుంది. కనుపాప చుట్టూ ఉండే రంగు పొర మీద కొత్త రక్తనాళాలు మొలిచినా నెల గడువు ప్రమాదమే. ఓపీలో రద్దీ ఎంతో నాకు తెలుసు. ఈ పరీక్షలు మానడానికి అది కారణం కాదు.

చూపు బాగుపడి, నెలల తరువాత మళ్ళీ మసకబారితే ప్రశ్న మారుతుంది. పరికరాలు దూర్చిన రంధ్రాల వద్ద కొత్త నాళాలు పెరిగాయేమో, లేజర్ చాలలేదేమో వెతకాలి. మిగిలిన లేజర్ పూర్తిచేయడం, బెవాసిజుమాబ్ ఇంజెక్షన్, కరగని రక్తాన్ని కడిగివేయడం, ఇవి అప్పటి మార్గాలు. రెటీనాను లాగే మచ్చపొరలు మిగిలి ఉంటే ఇంజెక్షన్ తరువాత అవి ముడుచుకొని మరింత లాగవచ్చు. అందుకే ముందు స్కాన్ కావాలి. ఎంతకాలం వేచి చూడాలన్నది కూడా అందరికీ ఒకటి కాదు. రెండవ కన్ను ముందే పోయినవారికి ఆ నెలంతా స్నానాల గదికి సైతం ఒకరి చేయి పట్టుకొని నడవడమే. ఆ సంగతి వైద్యునికి మీరే చెప్పండి.

రక్తాన్ని కరిగించే చుక్కలని ఎవరేమి అమ్మినా కొనకండి. గుండెకు వాడే ఆస్ప్రిన్‌ను మీ అంతట మీరు మానకండి. కంటిలో గ్యాస్ నింపి ఉంటే సర్జన్ చెప్పిన భంగిమనే పాటించండి. గ్యాస్ పూర్తిగా పోయేవరకు విమానం ఎక్కకండి. గ్యాస్ లేనివారు తలను ఎత్తుగా పెట్టి పడుకుంటే రక్తం కిందికి దిగి చూపు కొంత తేటపడుతుంది. నొప్పి, ఎరుపు, తలనొప్పితో వాంతులు, ఒక పక్కనుండి నల్లని తెర, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్ళండి. ఏదీ లేకపోయినా స్కాన్ ఫలితం, కంటి ఒత్తిడి అంకె, తదుపరి పరీక్ష తేదీ చీటీ మీద రాయించుకొనే ఇంటికి బయలుదేరండి.